పినే ఊరి వైను, సరస్సు ఆల్చిప్పలు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. ప్రత్యేక సంచిక కోసం వ్రాసి ఇచ్చినది.)



"మీ ఫ్రాన్సు ప్రయాణ విశేషాలు ఒక అరగంట చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను ఈఫిల్ టవర్ గురించి చెబుతాననుకొని ఉంటారు. పారిస్‌లో నేనున్నది రెండు రోజులు. అందులో ఒక రోజు వాన. మిగిలిన కాలమంతా, అంటే 2022 మే నుంచి జూలై దాకా, దక్షిణాన మధ్యధరా సముద్రానికి దగ్గరగా ఉన్న మోంపెలియే నగరంలో మా అబ్బాయి ఇంట్లో గడిపాను. అందుచేత ఆ ప్రాంతంలో తయారయ్యే ఒక వైను గురించి, దానితో వాళ్ళు తినే పదార్థాల గురించి చెబుతాను. ముందు వరుసలో ఎక్సైజ్ శాఖ మిత్రులు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి. ముప్ఫై నాలుగేళ్ళు సహకార శాఖలో సొసైటీల లెక్కలు తనిఖీ చేసి, మీ విందులన్నిటిలోనూ సోడా మాత్రమే పుచ్చుకున్న మనిషి ఈ విషయం ఎత్తుకోవడం నాకూ వింతగానే ఉంది.

ఎందుకు ఎత్తుకున్నానో ముందు మనవి చేయాలి. మా పెద్దన్నయ్య 1988లో సారాకు బలైపోయాడని మీలో కొందరికి తెలుసు. అప్పటికాయనకు నలభై ఆరేళ్ళు. ముందు పొలం పోయింది, తర్వాత వదిన మెడలోని బంగారం పోయింది, చివరకు కాలేయం పోయింది. పెద్దకర్మ అయిన మరునాడు మా అమ్మ నన్ను దేవుడి గదిలోకి పిలిచి, ఒక్క చుక్క కూడా గొంతు దిగనివ్వనని నా చేత ప్రమాణం చేయించింది. తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాజేసిన సారా వ్యతిరేకోద్యమం జిల్లాలన్నిటికీ పాకినప్పుడు, మా ఊరి సారా దుకాణం ముందు బైఠాయించిన వాళ్ళలో మా వదిన ఉంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మీకు తెలిసినవే. నిషేధం రోజుల్లో మా వైపు కొందరు పని కల్పించుకొని యానాం బస్సు ఎక్కేవారు. ఫ్రెంచివారు 1954లో విడిచివెళ్ళిన ఆ యానాం ద్వారా తప్ప నాకు ఫ్రాన్సుకూ మద్యానికీ ఉన్న సంబంధం వేరే తెలియదు.

మోంపెలియే వెళ్ళిన పదో రోజున మజ్జిగ కలుపుకుందామని ఫ్రిజ్ తెరిస్తే, పెరుగు డబ్బా వెనుక ఒక సన్నని, పొడవాటి ఆకుపచ్చ సీసా కనిపించింది. సగం ఖాళీ. తలుపు వేసేశాను. ఆ పూట భోజనం నా గదిలోకి తెప్పించుకున్నాను. మరునాడూ అంతే. "మామయ్యగారూ, శనివారం రాత్రి భోజనంతో ఒక్క గ్లాసండి, మీరు వచ్చాక అదీ లేదు" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా అబ్బాయి మాత్రం ఏమీ మాట్లాడలేదు. వాడు అన్నయ్య పోయినప్పుడు నాలుగేళ్ళవాడు. పెదనాన్న ముఖం కూడా వాడికి గుర్తులేదు.

ఈ ముడి విప్పింది పక్క ఫ్లాటులో ఉండే పెద్దాయన. తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాడు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. పెన్షను పుచ్చుకునేవాళ్ళకు భాష అడ్డం కాదు. మా అబ్బాయి మధ్యవర్తిగా మేమిద్దరం అప్పటికే మోకాళ్ళ నొప్పుల గురించి, కరువు భత్యం లాంటిది వాళ్ళకెలా లెక్కకడతారన్న దాని గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ మూడో రోజు సాయంత్రం ఆయన వచ్చి, తన తండ్రి ద్రాక్ష రైతు అనీ, ఊళ్ళోని సహకార సంఘంలో సభ్యుడనీ చెప్పాడు. సహకార సంఘం అనే మాట చెవిన పడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "చూడాలంటే శనివారం వెళదాం" అన్నాడు.

మా అబ్బాయి కారు నడిపాడు. మోంపెలియే నుంచి నైరుతి దిక్కుగా ముప్పావుగంట ప్రయాణం. ఆ సీమ పేరు లాంగ్‌డాక్. అవును అనడానికి 'ఓక్' అనే భాష మాట్లాడేవారి దేశం అని దాని అర్థం. ఉత్తరాది ఫ్రెంచివారు 'వుయ్' అంటారు, వీళ్ళ పూర్వీకులు 'ఓక్' అనేవారు. ఒక్క 'అవును' మాట మీద ఒక సీమకు పేరు పెట్టుకున్నవాళ్ళను నేను ఇంకెక్కడా వినలేదు.

దారిలో ఎడమవైపున థో అనే ఉప్పునీటి సరస్సు కనిపిస్తుంది. మన పులికాట్ వంటిదే గాని బాగా చిన్నది, సుమారు 7,500 హెక్టార్లు. సన్నని ఇసుకదిబ్బ ఒకటి దానిని సముద్రం నుంచి వేరుచేస్తుంది. 1666 నుంచి 1681 వరకు తవ్విన, 240 కిలోమీటర్ల పొడవు గల మీది కాలువ తులూజ్ నగరం నుంచి వచ్చి ఈ సరస్సులోనే కలుస్తుంది. ఇరిగేషన్ శాఖవారికి ఆ కాలువ గురించి విడిగా ఒక రోజు చెబుతాను, ఇక్కడ మొదలుపెడితే తెమలదు. సరస్సు నీళ్ళలో వరుసగా పందిళ్ళలాంటివి పాతి ఉంటాయి. వాటికి తాళ్ళు వేలాడుతుంటాయి. ఆల్చిప్ప పిల్లలను సిమెంటు ముద్దలతో చేత్తో ఆ తాళ్ళకు అంటించి నీళ్ళలోకి దింపుతారు. అట్లాంటిక్ తీరంలోనయితే ఆటుపోట్లున్నాయి గనుక ఒడ్డునే పెంచుతారట. మధ్యధరాలో ఆటుపోటు దాదాపు లేదు, అందుకని ఇలా వేలాడదీయడం. బుజీగ్ అనే ఊరి పేరు మీద ఈ ఆల్చిప్పలు దేశమంతా అమ్ముడుపోతాయి.

సరస్సుకు ఎగువన, కనుచూపు మేర ద్రాక్షతోటలు. మన ద్రాక్షపందిళ్ళలా కాదు, నడుమెత్తు మొక్కలు. పినే, మేజ్, పొమెరోల్, ఫ్లోరెన్సాక్, మోంతన్యాక్, కాస్తెల్నో అనే ఆరు ఊళ్ళ తోటల్లో పండిన పిక్‌పూల్ అనే ఒక్క తెల్ల ద్రాక్ష రకంతో మాత్రమే చేసిన వైనుకే 'పిక్‌పూల్ ద పినే' అనే పేరు పెట్టుకోవచ్చు. ఏడో ఊరివాడు అదే తీగ నాటినా ఆ పేరు పెట్టుకోరాదు. 2013లో దీనికి స్వతంత్రమైన ప్రాంతీయ గుర్తింపు వచ్చింది, అంతకుముందు పెద్ద లాంగ్‌డాక్ పేరు కింద ఒక ఉపభాగంగా ఉండేది. పిక్‌పూల్ అంటే పెదవిని చురుక్కుమనిపించేది అని అక్కడివారు అర్థం చెబుతారు. మా ఫ్రిజ్‌లోని ఆకుపచ్చ సీసా ఇదే.

పినే ఊళ్ళో సహకార సంఘం 1922లో ఏర్పడింది. ఆవరణలోకి వెళ్ళగానే నాకు మన మార్కెటింగు సొసైటీల గోడౌన్లు గుర్తొచ్చాయి, కాకపోతే ఇక్కడ నేల తడిగా, శుభ్రంగా ఉంది. పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. సభ్యుడు సెప్టెంబరులో ట్రాక్టరు మీద పండు తెస్తాడు, తూకం వేస్తారు, తీపి ఎంత ఉందో పరికరంతో చూస్తారు, దాన్ని బట్టి లెక్క. పొలం అతనిది, గానుగ అందరిది. ఈ వైనులో ఎక్కువ భాగం ఇటువంటి సంఘాల నుంచే వస్తుంది.

అమ్మకం కౌంటరులో ఒక అమ్మాయి మా ముగ్గురి ముందూ గ్లాసులు పెట్టి అడుగున తలా రెండు చెంచాలంత పోసింది. నేను చేయి అడ్డం పెట్టాను. అప్పుడు పెద్దాయన పక్కనే ఉన్న బకెట్టు చూపించాడు. రుచి చూసే వృత్తివారు రోజుకు యాభై, అరవై రకాలు చూస్తారట, మింగితే నిలబడలేరు గదా, అందుకని పుక్కిలించి ఉమ్మేస్తారట. అలా ఉమ్మడం అక్కడ మర్యాదే. నేను మా అబ్బాయి ముఖం చూశాను. వాడు నేల చూస్తున్నాడు. గ్లాసెత్తి నోట్లో పోసుకొని, అర నిమిషం ఉంచి, బకెట్టులో ఉమ్మేశాను. గొంతు దిగలేదు. ఇది ప్రమాణభంగమా, కాదా? నియమావళి మాటలను బట్టి కాదు. నియమావళి ఉద్దేశాన్ని బట్టి ఆడిట్ అభ్యంతరం వ్రాయవలసిందే. సభలో రిటైరయిన ఆడిటర్లు అరడజను మంది ఉన్నారు, నిర్ణయం వారికి వదిలేస్తున్నాను.

రుచి చెబుతాను. తీపి లేదు. ముందు నిమ్మకాయ తొక్క వాసన, తర్వాత దబ్బకాయ తొన కొరికినట్టు పులుపు, ఆఖరున నాలుక చివర ఎక్కడో కొంచెం ఉప్పదనం. బాగా చల్లగా ఉంది, ఎనిమిది పది డిగ్రీల మధ్య తాగాలట. ఆ పులుపులోనే ఉంది దీని ప్రత్యేకత. ఎండ ఎక్కువైతే చాలా రకాల ద్రాక్షల్లో పులుపు తగ్గి తీపి పెరిగిపోతుంది, అటువంటి పండుతో చేసిన వైను చప్పగా, బరువుగా ఉంటుంది. పిక్‌పూల్ మాత్రం అంత ఎండలోనూ పులుపు నిలుపుకుంటుంది. దాచిపెట్టి ముదరబెట్టేది కాదు, ఒకటి రెండేళ్ళలో తాగేసేది. ఖరీదూ గొప్పదేమీ కాదు.

ఇక తిండి. మధ్యాహ్నం సరస్సు ఒడ్డున ఒక రేకుల షెడ్డులో కూర్చున్నాం. ఆల్చిప్పలు పెంచేవాళ్ళదే ఆ షెడ్డు. పచ్చివే తెరచి, నిమ్మచెక్కతో పళ్ళెంలో పెట్టారు. సముద్రపు నీరు ఇంకా అందులోనే ఉంది. పెద్దాయన ఒకటి జుర్రుకొని, ఒక గుక్క వైను తాగి, "ఇప్పుడు నోరు కడిగినట్టయింది, రెండోది మొదటిదానంత కొత్తగా ఉంటుంది" అన్నాడు. వైను ఎందుకు అని నేను రెండు రోజులుగా లోపల అడుగుతున్న ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు అది. మనం చేపల పులుసులో చింతపండు ఎందుకు పిసుకుతామో, వేయించిన చేప మీద నిమ్మకాయ ఎందుకు పిండుతామో, వాళ్ళు ఈ గ్లాసు అందుకే పెట్టుకుంటారు. మనం పులుపును కుండలో వేస్తాం, వాళ్ళు పక్కన పెట్టుకుంటారు. పచ్చి ఆల్చిప్ప నాకు సహించలేదు, ఒకటి తిని ఆపాను. ఆ తరువాత వచ్చిన బ్రాజుకాడ్ మాత్రం వదల్లేదు. మసెల్స్ అనే నల్లని సన్న గుల్లలను ఎండిన ద్రాక్ష కొమ్మల మంట మీద పెద్ద పళ్ళెంలో కాల్చి, ఆలివ్ నూనె, మూలికలు చల్లి ఇస్తారు. ద్రాక్షతోట కత్తిరింపులే వంటచెరకు, ఆ తోట పండే పానీయం, ఆ తోట కిందనున్న సరస్సు గుల్లలు. ఇందులో బయటినుంచి కొనవలసింది దాదాపు లేదు.

సెత్ అనే రేవు పట్నంలో తియెల్ అని ఒక తినుబండారం ఉంది. గుండ్రటి రొట్టె మధ్యలో ఆక్టోపస్ ముక్కలు, టమాటా, కొంచెం కారం పెట్టి కాలుస్తారు, మన కజ్జికాయకు అన్నగారనుకోండి. ఇటలీ నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాలు తెచ్చిన వంట అది. ఆ టమాటా పులుపుకూ నూనెకూ ఈ వైను బాగా నప్పుతుందన్నారు. వెల్లుల్లి, గుడ్డుసొన, ఆలివ్ నూనె కలిపి గిలకొట్టిన ముద్దతో చిక్కబరచే చేపల కూర బురీద్ కూడా అంతే. కొండ ప్రాంతం నుంచి వచ్చే పెలార్దోన్ అనే చిన్న మేకపాల జున్ను బిళ్ళలు దీనితో తింటారు. ఉప్పుచేపను నూనెతో నూరి చేసే నీమ్ పట్టణపు బ్రాందాద్ కూడా.

నప్పనివి ఏవంటే, గొర్రెమాంసం, పంది సాసేజీలు, బీన్సు వేసి గంటల తరబడి ఉడికించే కాసూలే వంటి బరువైన వంటలు. వాటికి కోర్బియేర్, మినెర్వువా వంటి ఎర్ర వైన్లు ఆ సీమలోనే ఉన్నాయి. ఎర్ర వైనుతో చేపలు తింటే కొందరికి నోట్లో ఇనుప తుప్పు రుచి తగులుతుంది. అది వట్టి ఆచారపు మాట కాదు. వైనులో కరిగి ఉన్న ఇనుము చేపలోని కొవ్వుతో కలవడమే దానికి కారణమని 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. మన వంటల సంగతి మా అబ్బాయిని అడిగాను. అప్పుడు వాడు మొదటిసారి నోరు విప్పాడు. "చేపల పులుసుతో బాగుండదు నాన్నగారూ, రెండూ పులుపే. ఆవకాయతో అయితే నోరు మండిపోతుంది, మద్యం కారాన్ని ఇంకా పెంచుతుంది. కారం తగ్గించి వేయించిన రొయ్యలతో బాగుంటుంది." ఇంత పరిశీలన చేశాడంటే ఎంత తాగి ఉండాలి అని నాకు చురుక్కుమంది. అయినా లెక్క సరిగ్గా చెప్పాడని లోపల మెచ్చుకున్నాను.

ఇప్పుడు మా శాఖ సంగతి. తిరుగు ప్రయాణంలో పెద్దాయన చెప్పిందీ, ఇంటికొచ్చాక చదువుకున్నదీ కలిపి చెబుతాను. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే వేరుపేను ఫ్రాన్సు ద్రాక్షతోటలను తినేసింది. 1868లో ఆ పురుగును పట్టుకున్న వాళ్ళలో ముఖ్యుడు మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్. రైల్వే స్టేషను ఎదుట ఆయన పేరున ఉన్న పార్కులో నేను రోజూ నడిచాను. పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరు మీద ఫ్రాన్సు తీగను అంటుగట్టి తోటలను మళ్ళీ నిలబెట్టారు. ఈసారి పంట విపరీతం. దానికి తోడు చక్కెర నీళ్ళతో దొంగవైను తయారుచేసి అమ్మేవాళ్ళు బయలుదేరారు. ధర పడిపోయి రైతు పండు పారబోసుకునే స్థితి వచ్చింది. 1907 మార్చిలో మార్సెలాన్ ఆల్బేర్ అనే పల్లెటూరి కాఫీ దుకాణదారు ఎనభై ఏడు మందితో నడిచివెళ్ళి మొదలుపెట్టిన ఆందోళన, జూన్ 9న మోంపెలియేలో అయిదు లక్షలకు పైగా జనం చేరిన సభ అయింది. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. ఆ ప్రాంతపు కుర్రాళ్ళే ఉన్న 17వ పటాలం తిరగబడింది. ఆ నెలాఖరుకే కల్తీ వైనుకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది.

ఇక్కడొక తేదీ చూడండి. బెజియే దగ్గర మారోసాన్ అనే ఊళ్ళో చిన్న రైతులు కలిసి తమ వైను తామే అమ్ముకునే సహకార సంఘం పెట్టింది 1901లో. మన దేశంలో పరపతి సహకార సంఘాల చట్టం వచ్చింది 1904లో. వాళ్ళు తమ కట్టడం మీద చెక్కుకున్న నినాదం ఒక్కొక్కరి కోసం అందరూ, అందరి కోసం ఒక్కొక్కరూ అని. మనం ట్రైనింగులో మొదటి రోజు బోర్డు మీద చూసిన వాక్యం! మనం ఎన్ని సంఘాలకు లిక్విడేషను ఉత్తర్వులు వ్రాశామో తలచుకుంటే, వందేళ్ళు నిండిన ఆ పినే సంఘం కౌంటరు ముందు నాకు కొంచెం సిగ్గేసింది.

వాళ్ళకు అంతా బాగుందని కాదు. 2018 వేసవి వేడికి సరస్సు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి మసెల్స్ దాదాపు మొత్తం చచ్చిపోయాయి, ఆల్చిప్పలు పెద్ద భాగం పోయాయి. 2019 జూన్ 28న ఆ జిల్లాలో 46 డిగ్రీలు నమోదై తోటల్లో ఆకులు మంటపెట్టినట్టు మాడిపోయాయి. ఫ్రెంచివారే వైను తగ్గించేశారు. 1960 ప్రాంతంలో తలకు ఏడాదికి నూరు లీటర్ల పైన తాగిన దేశం ఇప్పుడు నలభైకి అటూ ఇటూగా ఉంది. మిగిలిపోయిన వైనును కొని పారిశ్రామిక ఆల్కహాలుగా మార్చడానికి 2023లో అక్కడి ప్రభుత్వం 20 కోట్ల యూరోలు కేటాయించింది.

తగ్గించడమే మంచిది. పధ్నాలుగేళ్ళలోపు పిల్లలకు బడి భోజనంలో వైను ఇవ్వరాదని ఆ దేశం 1956లో గాని ఉత్తర్వు వేయలేదు. అంటే అంతవరకూ ఇచ్చేవారు. మద్యం ప్రకటనలను కట్టడి చేసే చట్టం 1991లో తెచ్చారు. మద్యం ఏ కొలతలోనూ పూర్తిగా నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. గుండెకు మంచిదంటారు అని మీలో ఎవరైనా డాక్టరుగారి దగ్గర మొదలుపెట్టాలనుకుంటే, నా ప్రసంగం పేరు మాత్రం చెప్పకండి. బి.పి., షుగరు మాత్రలు మింగేవాళ్ళం మనం.

ఆ సీసాలో ఉన్నదీ మా అన్నయ్యను తీసుకుపోయిందీ ఒకటే పదార్థం. ఆ మాట ఆ రాత్రి మా అబ్బాయితో అన్నాను. పెదనాన్న గురించి మొదటిసారి పూర్తిగా చెప్పాను. ఇన్నేళ్ళూ ఇంట్లో ఆ పేరు ఎత్తితే పరువు తక్కువ అనుకున్నాం, వాడికి తెలిసిందల్లా జబ్బు చేసి పోయాడని. వాడు చాలాసేపు విని, "ఆయన ఏమి తినేవారు నాన్నగారూ?" అని అడిగాడు. ఏమీ తినేవాడు కాదు. పొద్దున్నే ఖాళీ కడుపున సారా, నంజుకోవడానికి ఉప్పుగల్లు. చివరి సంవత్సరం వదిన కలిపిన ముద్ద ఆయన నోట్లోకి పోయిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ సరస్సు ఒడ్డు షెడ్డులో రెండు గంటలు కూర్చుని, ఒక గ్లాసు ఖాళీ చేయడానికి పన్నెండు ఆల్చిప్పలు, సగం రొట్టె తిన్న ముసలాయన నాకు అప్పుడు కళ్ళ ముందు కనిపించాడు. రెండూ ఒకటే అనలేను. రెంటికీ సంబంధం లేదనీ అనలేను.

నేను గదిలో భోజనం మానేసి మళ్ళీ బల్ల దగ్గరకు వచ్చాను. తర్వాతి శనివారం కోడలు మసెల్స్ వండింది, మిరియాలు, కరివేపాకు వేసి. మా అబ్బాయి నా ఎదుటే ఒక గ్లాసు పోసుకున్నాడు. చెయ్యి కొంచెం వణికింది. నేను నిమ్మచెక్క పిండుకున్నాను. భోజనమయ్యాక వాడు సీసాకు మూత పెట్టి ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కన పెట్టాడు. నెల తర్వాత నేను తిరిగి బయలుదేరేనాటికి ఆ సీసాలో ఇంకా రెండు వేళ్ళ ఎత్తు మిగిలే ఉంది. పాడైపోయిందని కోడలు సింకులో పారబోసింది.

 మధ్యాహ్న భోజనంలో చేపల పులుసు ఉందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.